పాత లెన్సు, కొత్త కెమెరా, ముడులేసిన దారం: మదనపల్లె నుంచి కుప్పం దాకా

 ఈ ఎపిసోడ్ మదనపల్లెలో మా ఇంటి మేడ మీద కూర్చుని రికార్డ్ చేస్తున్నాను. మధ్యలో కింద నుంచి కుక్కర్ విజిల్ వినపడితే ఏమనుకోకండి.

ఇదిగో, టేబుల్ మీద రెండు లెన్సులు పెట్టాను. ఒకటి సోవియట్ కాలం నాటి హీలియోస్ 44-2, 58 మిల్లీమీటర్లు, ఎఫ్/2. రెండోది జపాన్ అసాహి పెంటాక్స్ వాళ్ల సూపర్ టకుమార్ 55 మి.మీ., ఎఫ్/1.8. రెండింట్లో దేనికీ మోటారు లేదు, చిప్పు లేదు, కరెంటుతో పనే లేదు. ఫోకస్ చెయ్యాలంటే వేళ్లతో రింగు తిప్పాల్సిందే. "ఆటో ఫోకస్ కళ్లను పట్టుకుని వదలని ఈ రోజుల్లో ఇవెందుకు సార్?" అని చాలామంది అడిగారు. ఎందుకో చెప్తాను. దాంతో పాటు నేను చేసిన ఒక చెడ్డ పని గురించి కూడా చెప్పాలి, అది చివర్లో.

ముందు ఇవి మన కెమెరాకు ఎట్లా ఎక్కుతాయో చూద్దాం. ఈ రెండూ మర తిప్పి బిగించే లెన్సులు. వెనక మర వెడల్పు 42 మి.మీ. కాబట్టి ఎం42 అంటారు. సీసా మూత బిగించినట్టే. ప్రతి కెమెరాలోనూ లెన్సు ఆనుకునే చోటి నుంచి సెన్సారు దాకా ఇంత దూరమని ఒక లెక్క ఉంటుంది. ఎం42కి అది 45.46 మి.మీ. నికాన్ డీఎస్ఎల్ఆర్‌కు 46.5. అంటే నికాన్ బాడీకి ఈ లెన్సు తగిలిస్తే సుమారు ఒక మిల్లీమీటర్ ముందుకు వచ్చేస్తుంది. ఒక మిల్లీమీటరే కదా అనుకుంటాం గానీ, దగ్గరి వస్తువు ఫోకస్ అవుతుంది, దూరంగా ఉన్న కొండ మాత్రం కాదు. మధ్యలో ఒక గాజు ముక్క ఉన్న అడాప్టర్ పెడితే కొండ వస్తుంది, ఫొటో మెత్తబడుతుంది. నేను అది కొని డబ్బులు పోగొట్టుకున్నాను.

అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాక ఈ గొడవ తీరిపోయింది. సోనీ ఈ మౌంట్‌లో ఆ దూరం 18 మి.మీ., నికాన్ జడ్‌లో 16, కెనాన్ ఆర్ఎఫ్‌లో 20. మిగిలిన ఖాళీని ఒక ఉత్త గొట్టంతో నింపేస్తే చాలు. అడాప్టర్ అంటే అదే, లోపల గాజేమీ లేని లోహపు గొట్టం. అందుకే నలభై యాభై ఏళ్లు బీరువాల్లో పడున్న లెన్సులు మళ్లీ బయటికొచ్చాయి.

తగిలించాక మొదటిసారి అందరూ ఒకే మాట అంటారు: "బటన్ నొక్కుతుంటే ఫొటో పడట్లేదు." లెన్సు ఉన్నట్టు కెమెరాకు తెలియదు మరి. మెనూలో లెన్సు లేకుండా షట్టర్ వదిలే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, అది ఆన్ చెయ్యండి. మోడ్ ఏ లో పెట్టుకోండి, ఎపర్చర్ లెన్సు మీదే తిప్పుతారు, షట్టర్ వేగం కెమెరా చూసుకుంటుంది. బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే 55 అనో 58 అనో అంకె మీరే ఎక్కించాలి. ఇక ఫోకస్ పీకింగ్, అంటే పదునుగా ఉన్న అంచుల మీద ఎర్ర గీతలు చూపించేది, మొదట్లో బాగా సాయపడుతుంది. కానీ దాన్ని పూర్తిగా నమ్మకండి. పెద్ద ఎపర్చర్‌లో అది కంటి మీదా చూపిస్తుంది, కనుబొమ్మ మీదా చూపిస్తుంది. తెరను పెద్దది చేసి కనుగుడ్డు చూసి తిప్పడమే దారి.

ఎందుకంత జాగ్రత్త అంటే లెక్క చూడండి. నాది ఏపీఎస్-సీ సెన్సారు. 55 మి.మీ. లెన్సు, ఎఫ్/1.8, మనిషి ఒకటిన్నర మీటరు దూరంలో. పదునుగా వచ్చే మందం సుమారు 5 సెంటీమీటర్లు, అంతే. మూడు వేళ్ల వెడల్పు. మనిషి ఊపిరి పీల్చి కొంచెం వెనక్కి వాలితే చాలు, కన్ను పోయి ముక్కుపుడక వస్తుంది. కుప్పం గంగమ్మ జాతరలో మా అత్తను తీసిన ఫొటోలు దాదాపు అన్నీ అట్లాగే వచ్చాయి. ముక్కుపుడక మాత్రం అద్భుతంగా ఉంటుంది!

సరే, మా జట్టు గురించి. మేం నలుగురం. నేను ఇక్కడ, కుప్పంలో ఒక టీచర్ అక్క, అక్కడే గ్రానైట్ పనిలో ఉన్న ఒక తమ్ముడు, పుంగనూరులో ఒకప్పుడు స్టూడియో నడిపిన పెద్దాయన. ఆయన్ని అందరం సార్ అనే అంటాం. మదనపల్లెకూ పుంగనూరుకూ సుమారు 30 కిలోమీటర్లు, ఒక బస్సు. కుప్పం వాళ్లు పలమనేరు మీదుగా రావాలి, వాళ్లకే దూరం. నెలలో ఒక ఆదివారం ఎక్కడో ఒకచోట కలుస్తాం. లెన్సులు మార్చుకుంటాం, ఒకే చెట్టును నాలుగు లెన్సులతో తీసి పోట్లాడుకుంటాం, తర్వాత టిఫిన్.

మొదటి ఆరు నెలలు మాకు హీలియోస్ పిచ్చి పట్టింది. దీని డిజైన్ జర్మనీలో కార్ల్ జైస్ యెనా వాళ్ల బయోటార్ 58 ఎఫ్/2 నుంచి వచ్చింది. యుద్ధం తర్వాత సోవియట్ వాళ్లు దాని ఆధారంగా తయారుచేసి జెనిట్ కెమెరాలతో పాటు లక్షల్లో అమ్మారు. అందుకే ఇప్పటికీ దొరుకుతుంది. దీని ప్రత్యేకత వెనకాల సుడి. మనిషిని రెండు మీటర్ల దగ్గర నిలబెట్టి, వెనక కాస్త దూరంలో ఆకుల సందుల్లోంచి వెలుతురు పడేటట్టు చూసుకుని ఎఫ్/2లో తీస్తే ఆ వెలుగు చుక్కలు మనిషి చుట్టూ గిర్రున తిరుగుతున్నట్టు వస్తాయి. అంచుల దగ్గరికి వచ్చే వెలుతురును లెన్సు గొట్టమే కొంత అడ్డుకుంటుంది, గుండ్రని చుక్క కాస్తా కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది. అంచుల్లో దిద్దకుండా మిగిలిపోయిన దోషం దాన్ని ఇంకా లాగుతుంది. చెప్పాలంటే అది లోపమే, మనకు నచ్చింది, అంతే. సుడి జాస్తిగా ఉండేది అంచుల్లో కాబట్టి ఏపీఎస్-సీ కెమెరాలో అంచులు కోసేసి సగం అందం పోతుంది. కొనేముందు ఈ సంగతి తెలుసుకోండి.

హార్సిలీ హిల్స్ నీలగిరి చెట్ల కింద ఒక పొద్దంతా ఈ సుడి ఫొటోలే తీశాం. సార్‌కు చూపించాం. ఆయన ఫోన్ దూరంగా పట్టుకుని, ఒక్కొక్కటీ జరిపి చూసి, "ఆకులు బాగా తిరగతా ఉండాయి. మనిషి యాడప్పా?" అన్నాడు.

ఆ మాటతో మా తీరు మారింది. పొద్దున్నే టమోటా మార్కెట్‌కు పోయి ఎఫ్/5.6, ఎఫ్/8లో తీయడం మొదలుపెట్టాం. సుడి లేదు, మబ్బు లేదు. క్రేట్లు మోసే మనుషుల మొహాలు, చేతులు, వెనక ధర కోసం ఎదురుచూసే రైతు, అన్నీ కనపడాలి. అక్కడ రింగు తిప్పుతూ నిలబడితే ఎవరూ ఆగరు. దానికి సార్ నేర్పిన పద్ధతే జోన్ ఫోకస్.

పాత లెన్సు మీద మీటర్ల అంకెలు, వాటి కింద ఎపర్చర్ అంకెలు రెండు వైపులా ఉంటాయి చూడండి. కొత్త లెన్సుల్లో చాలావరకు ఇవి తీసేశారు. 35 మి.మీ. లెన్సు తీసుకుని ఎఫ్/11 పెట్టి, దూరం ఐదున్నర మీటర్ల దగ్గర ఆపితే, ఏపీఎస్-సీలో సుమారు 2.8 మీటర్ల నుంచి కొండ దాకా పదునుగానే ఉంటుంది. ఇక ఫోకస్ ముట్టుకోనక్కర్లేదు, చూసి నొక్కడమే. లెన్సు మీది గీతలు ఫిల్ము కోసం వేసినవి, చిన్న సెన్సారుకు అవి కాస్త ఉదారంగా ఉంటాయి. ఎఫ్/8 గీతల మధ్య దూరం నమ్ముకుని ఎఫ్/11 పెట్టుకోండి, సరిపోతుంది.

ఇప్పుడు ఆ చెడ్డ పని. ఈ టకుమార్ సార్‌ది. వాళ్ల బంధువు ఎప్పుడో కువైట్ నుంచి వస్తూ స్పాట్‌మాటిక్ కెమెరాతో పాటు తెచ్చిచ్చాడట. స్టూడియో మూసేశాక లెన్సు తోలు సంచిలో, బీరువాలో ఉండిపోయింది. లోపల ఫంగస్. సాలెగూడులాగా సన్నటి తీగలు. "నువ్వు ఏమన్నా చేస్తావా చూడు" అని నాకిచ్చాడు. నేను వీడియోలు చూసిన ధీమాతో విప్పేశాను. గాజు తుడిచాను, ఫంగస్ పోయింది, కోటింగ్ మీద చిన్న మచ్చ మిగిలింది. అంతవరకు బాగానే ఉంది.

ఫోకస్ రింగు లోపల హెలికాయిడ్ అని ఉంటుంది, ఒకదాంట్లో ఒకటి తిరిగే మర గొట్టాలు. ఆ మరకు ఒక మొదలు కాదు, చాలా మొదళ్లు ఉంటాయి. విప్పేటప్పుడు రెండు భాగాలు ఏ చోట విడిపోయాయో గుర్తు పెట్టుకోవాలి, ఒక గీత గీసుకోవాలి. నేను గీయలేదు. తిరిగి బిగిస్తే చక్కగా తిరుగుతోంది గానీ వేరే మొదలులోంచి ఎక్కింది. లెన్సు రావాల్సిన దానికంటే ముందుకొచ్చి ఆగిపోయింది. దూరం ఫోకస్ కావడం లేదు, రింగు మీది మీటర్ల అంకెలన్నీ అబద్ధం. మళ్లీ రెండుసార్లు ప్రయత్నించి ఒక స్క్రూ తల కూడా అరగదీశాను. ఇక ముట్టుకోలేదు.

మూడు వారాలు సార్‌కు ఫోన్ చెయ్యలేదు. చివరికి పుంగనూరు పోయి లెన్సు చేతిలో పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన రింగు అటూ ఇటూ తిప్పి, "నున్నగానే తిరగతా ఉంది కదా. దూరం పోయింది, దగ్గర ఉండాది. నాకూ అంతే" అన్నాడు. ఆయన కుడి కంటికి శుక్లం. నేను నవ్వాలో లేదో తెలియక ఊరుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది అనిపించింది.

తర్వాత ఆయన చేసింది చూడండి. ఇంట్లోంచి పూలు కట్టే దారం తెచ్చాడు. కెమెరా అడుగున ట్రైపాడ్ స్క్రూకు ఒక కొస కట్టాడు. టేపుతో కొలిచి మీటరు దగ్గర ఒక ముడి, మీటరున్నర దగ్గర రెండు ముడులు. గోడకు ఒక పేపరు అంటించి, ఆ దూరాల్లో నన్ను కెమెరా పట్టుకోమని, తెర మీద అక్షరాలు పదునైన చోట రింగు మీద చాకుపీసుతో గీతలు పెట్టించాడు. లెన్సు అంకెలు అబద్ధం అయితేనేం, మా గీతలు నిజం. తర్వాత ఎఫ్/8 పెట్టించాడు. మీటరున్నర దగ్గర ఎఫ్/8లో పదును మందం దాదాపు జానెడు ఉంటుంది, కాబట్టి చెయ్యి కొంచెం అటూ ఇటూ అయినా పర్వాలేదు.

ఆ సాయంత్రం ఆయనకు తెలిసినవాళ్ల ఇంట్లో పుంగనూరు ఆవు, దూడ. మీకు తెలుసు కదా, ఈ ఆవులు 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తే. నిలబడి తీస్తే వీపు తప్ప ఏమీ రాదు, నేల మీద కూర్చోవాలి. సార్ కూర్చున్నాడు. దారం కొస మా కుప్పం అక్క ఆవు గంగడోలు దగ్గర పట్టుకుని, తీసేసి పక్కకు జరిగింది. సార్ తెర వైపు చూడనుకూడా లేదు, ఆవును చూస్తూ నొక్కాడు. పన్నెండు ఫొటోల్లో తొమ్మిదింట్లో కన్ను పదును. నాకు ఆటో ఫోకస్ లేకుండా ఆ లెక్క ఎప్పుడూ రాలేదు.

కాబట్టి పాత లెన్సు కొనాలనుకునేవాళ్లకు నా మాట. ఫోన్ టార్చి వెలిగించి ఒకవైపు నుంచి పట్టి, రెండోవైపు నుంచి లోపలికి చూడండి. దుమ్ము రేణువులు ఉంటే భయం లేదు. తీగలు, మంచుపొరలాంటి మసక కనిపిస్తే వదిలెయ్యండి. ఎపర్చర్ రేకుల మీద నూనె మెరుస్తోందా చూడండి, ఫోకస్ రింగు మొదటి నుంచి చివరిదాకా ఒకే బరువుతో తిరుగుతోందా చూడండి. కొన్ని టకుమార్‌లలో, ముఖ్యంగా 50 ఎఫ్/1.4లో, థోరియం కలిసిన గాజు వాడారు, అది ఏళ్లు గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది. కొన్ని రోజులు ఎండ తగలనిస్తే చాలావరకు పోతుంది. ఎండకు మనకేం కరువు. ఆ గాజును మాత్రం విప్పొద్దు, గీకొద్దు. తోలు సంచిలో ఏ లెన్సూ దాచొద్దు, అది తేమ పట్టుకుంటుంది. గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్ పొట్లాలు, నెలకోసారి బయటికి తీసి వాడటం. ఫంగస్ ఉన్నదాన్ని మిగతావాటితో కలిపి పెట్టకండి.

విప్పడం సంగతి అడిగితే, గీత గీసుకోండి, ప్రతి మెట్టుకూ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. వేరేవాళ్ల లెన్సు అయితే అసలు విప్పకండి.

సార్ కంటి ఆపరేషన్ వచ్చే నెలలో. టకుమార్ ప్రస్తుతం నా దగ్గరే ఉంది, దారం మాత్రం ఆయన ఇవ్వలేదు. ఈసారి మేం కలిసేది కుప్పంలో. వచ్చే ఎపిసోడ్‌లో పాత ఫ్లాష్‌లు కొత్త కెమెరాకు తగిలించొచ్చా, వోల్టేజీ ఎట్లా చూసుకోవాలి అనేది మాట్లాడుకుందాం. ఉంటాను, నమస్కారం.