సబ్బు దిమ్మను కోయుటకు అదను

నల్లగొండ, మహబూబ్‌నగరు ప్రాంతపు చెలక నేలలకు ఆముదపు పంట చిరపరిచితము. చేల గట్లపై కానుగ, ఊరి మొదట వేప లేని గ్రామము అరుదు. 2016లో పాత జిల్లాలు విభజింపబడి సూర్యాపేట, నాగరుకర్నూలు, వనపర్తి మొదలగు కొత్త జిల్లాలేర్పడినను నేలయు, చెట్టును మారలేదు. వేపనూనె వంటి, వంటకు పనికిరాని నూనెలతో సబ్బు చేయుటను మొదటి పంచవర్ష ప్రణాళికలోనే గ్రామపరిశ్రమగా పేర్కొనిరి. 1957లో ఏర్పడిన ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషను ఆ పరిశ్రమను ప్రోత్సహించినది.

గ్రామములోని మహిళా సంఘము ఈ పనిని చేపట్టదలచినప్పుడు స్థలము కొరకు, నీటి కొరకు, సలహా కొరకు పంచాయతీ సభ్యుల వద్దకు వచ్చుట సహజము. నూనె, సోడాల పాళ్ళు సరిగా కుదిరినను కోత వద్ద దిమ్మ చెడినచో, పెట్టిన సొమ్ము పోయి, మొదటి ప్రయత్నముతోనే పని మూలబడవచ్చును. విత్తుటకు అదను ఉన్నట్లే సబ్బు కోతకును అదను కలదు. దానిని గుర్తించు విధమును ఇచ్చట వివరింపదలచినాము.

కాస్టిక్ సోడా కలిపిన నీరు నూనెతో కలిసి అంబలి వలె చిక్కబడిన పిదప దానిని అచ్చుపెట్టెలో పోయుదురు. లోపల రసాయనిక చర్య సాగుచున్నంత వరకు దిమ్మ వేడెక్కును. పిమ్మట చల్లారి క్రమముగా గట్టిపడును. పైభాగము, అంచులు ముందుగా గట్టిపడును. నడిభాగము ఆలస్యముగా కుదురును. పైపొరను మాత్రమే చూచి కోసినవారు మోసపోవుట ఇందువలననే.

గట్టిపడుటకు పట్టు కాలము నూనెను బట్టి మారును. కొబ్బరినూనె ఎక్కువగా గల దిమ్మ కొన్ని గంటలలోనే రాయి వలె నగును. పల్లీపట్టీని వెచ్చగా నున్నప్పుడే కోసినట్లు, దీనిని వెచ్చదనము పూర్తిగా ఆరకముందే కోయవలెను. ఇప్పనూనె, వేపనూనె దిమ్మకు తగినంత గట్టిదనము నిచ్చును. కానుగనూనె పాలు హెచ్చినచో దిమ్మ చాల సేపు మెత్తగా నుండును. ఆముదము హెచ్చినచో జిగట ఏర్పడి తీగకు అంటుకొనును. కావున మన ప్రాంతమున ఆముదము సులభముగా దొరకినను దానిని కొద్ది పాలు మాత్రమే కలుపుట మేలు. అనేక నూనెల మిశ్రమమునకు సాధారణముగా 24 నుండి 48 గంటలు పట్టును. పుష్యమాసపు చలిలో ఇంకను ఆలస్యము కావచ్చును; రోహిణికార్తె ఎండలలో త్వరపడవలసి రావచ్చును. గడియారమును మాత్రమే నమ్ముట తగదు.

పరీక్ష సులభము. చేతితొడుగు వేసికొని దిమ్మ నడుమ బొటనవ్రేలితో నొక్కవలెను. వ్రేలు లోనికి దిగినచో, లేక సబ్బు తొడుగునకు అంటినచో, పూట ఆగవలెను. స్వల్పమైన గుర్తు మాత్రమే పడినచో దిమ్మను అచ్చునుండి తీసి, ఒక చివర పలుచని ముక్కను కోసి చూడవలెను. ముక్క వంగక, తీగకు అంటక, అంచు నున్నగా వచ్చినచో అదను వచ్చినట్లే. అంచులు పెట్లిపోయినచో ఆలస్యమైనదని అర్థము. అట్టి దిమ్మను కొంతసేపు వెచ్చని చోట ఉంచి, సన్నని తీగతో కోయవచ్చును.

అయితే అదనులో కోసినను దిమ్మ సున్నము వలె పొడి రాలినచో సోడా ఎక్కువైనదేమో యని అనుమానింపవలెను. ఒక కిలో కొబ్బరినూనెకు సుమారు 183 గ్రాముల సోడా పట్టును. ఒక కిలో ఆముదమునకు 128 గ్రాములే చాలును. నూనె మార్చి సోడాను మార్చనిచో అది సబ్బులో మిగిలి చర్మమును కాల్చును. అట్టి సబ్బును ఎవ్వరికిని అమ్మరాదు.

కోతకు ఉక్కుతీగ గాని, పలుచని పొడవైన కత్తి గాని వాడవలెను. రంపము వలె లాగక, తిన్నగా క్రిందికి నొక్కవలెను. ప్రతి కోతకు తీగను తుడువవలెను. సమానమైన ఎడముతో చీలికలు గల చెక్కపెట్టెను ఊరి వడ్రంగియే చేయగలడు. 30 సెంటీమీటర్ల దిమ్మను రెండున్నర సెంటీమీటర్ల చొప్పున కోసినచో 12 బిళ్ళలు వచ్చును. కంటి అంచనాతో ఒకటి మూడు, మరియొకటి రెండు సెంటీమీటర్లుగా కోసినచో, అదే వెలకు ఒకరికి దక్కినదానిలో మూడింట రెండు వంతులే మరియొకరికి దక్కును. సంత లో ఒకసారి పోయిన నమ్మకము తిరిగి రాదు.

కోసిన బిళ్ళలను ఎడముగా పేర్చి, నీడలో గాలి తగులునట్లు నాలుగు నుండి ఆరు వారములు ఆరనీయవలెను. నీరు ఆరుకొలది తూకము తగ్గును. కనుక ఆరిన పిదప తూచియే బరువును ప్రకటింపవలెను. వంకర ముక్కలను పారవేయ నక్కరలేదు. వానిని తురిమి, కొద్ది నీటితో సన్నని సెగపై కరగించి మరల అచ్చు పోయవచ్చును.

పంచాయతీ సభ్యులు చేయదగిన సాయము స్వల్పమే, ఫలము అధికము. పిల్లలకు అందని, గాలి వెలుతురు గల ఒక గదిని చూపవలెను. అల్యూమినియం పాత్రలు వాడరాదనియు, సోడాను నీటిలో కలుపవలెనే గాని సోడాపై నీరు పోయరాదనియు తెలియజేయవలెను. మొదట ఒక కిలో నూనెతోనే ప్రయత్నింపుమని చెప్పవలెను. ఏ నూనె, ఎంత సోడా, ఏ మాసము, ఎన్ని గంటలకు కోసిరి, అంచు ఎట్లు వచ్చినది అను వివరములను ఒక పుస్తకమున వ్రాయించవలెను. ఏడాది తిరుగునప్పటికి ఆ పుస్తకమే మీ ఊరి నూనెకు, మీ ఊరి ఎండకు తగిన అదనును తెలుపగలదు.