గ్రహమునకు కుక్క పేరా? కుక్కకు గ్రహము పేరా?

లేపాక్షికి పోయినవారికి ఆ ఊరి పేరునుగూర్చిన కథ ఒకటి తప్పక వినవచ్చును. రావణునిచే రెక్కలు తెగి పడియున్న జటాయువును చూచి శ్రీరాముడు ‘లే, పక్షీ’ యనెననియు, నాటినుండి ఆ చోటు లేపాక్షి యయ్యెననియు చెప్పుదురు. కథ రమ్యముగా నున్నది. రుజువు చూపుమని ఎవరును అడుగరు. పేరు వినబడగానే దానికొక పుట్టుకను కల్పించుకొనుట మానవస్వభావము. అది పుణ్యక్షేత్రములతో ఆగలేదు. వెండితెరపై గంతులు వేయు బొమ్మకుక్క వరకును వచ్చినది.

వాల్ట్ డిస్నీ చిత్రములలో మిక్కీ మౌస్ వెంట తిరుగు పసుపుపచ్చని కుక్క పేరు ప్లూటో. సూర్యునకు బహుదూరమున సంచరించు ఒక గోళము పేరును ప్లూటోయే. ఈ రెండింటిలో ఏది దేనినుండి వచ్చినది? ఆ బొమ్మల అభిమానులు దీనినిగూర్చి చిరకాలముగా తర్కించుచున్నారు. గోళమునకు పేరు పెట్టినవారు సినిమా చూచియే పెట్టిరని కొందరు నమ్మిరి. ఈ నమ్మకము ఒక బాలికకు దక్కవలసిన కీర్తిని కుక్కకు కట్టబెట్టుచున్నది. కావున తేదీలను వరుసగా పరిశీలింతము.

1930 ఫిబ్రవరి 18వ తేదీన అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రమున, ఫ్లాగ్‌స్టాఫ్ నగరమందలి లోవెల్ వేధశాలలో, క్లైడ్ టాంబో అను 24 ఏండ్ల యువకుడు ఆకాశపు ఛాయాచిత్రములను రెండేసి చొప్పున పోల్చి చూచుచుండెను. కొలది దినముల వ్యవధిలో నక్షత్రములు తమ చోటు మారినట్లు కనబడవు, గ్రహము మారును. జనవరి నెలలో ఆరు దినముల ఎడముతో తీసిన రెండు చిత్రములలో ఒక చిన్న చుక్క మాత్రము చోటు మారియుండెను. మార్చి 13వ తేదీన ఆ వార్త లోకమునకు వెల్లడి చేయబడెను.

మరునాటి ఉదయము ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు నగరమున, వెనీషియా బర్నీ అను పదకొండేండ్ల బాలిక ఇంటివారితో కలిసి ఉపాహారము తీసికొనుచుండెను. ఆమె తాతగారు ఫాల్కనర్ మాడన్ పూర్వము అచటి బాడ్లియన్ గ్రంథాలయమునకు అధిపతిగా నుండినవారు. ఆయన పత్రికలోని వార్త చదివి, క్రొత్త గ్రహమునకు ఏమి పేరు పెట్టుదురో యనగా, ప్లూటో యనవచ్చును గదా యని ఆ బాలిక పలికెను. రోమనుల పురాణములలో ప్లూటో పాతాళాధిపతి. మన యమధర్మరాజువలె మృతుల లోకమును ఏలువాడు. సూర్యకాంతి అంతంతమాత్రముగా సోకు ఆ చలిలోకమునకు అంతకన్న తగిన పేరు దొరకుట కష్టము.

తాతగారు ఆ మాటను ఖగోళశాస్త్రజ్ఞుడైన హెర్బర్ట్ హాల్ టర్నరునకు అందజేసిరి. టర్నరు లోవెల్ వేధశాలకు తంతి నంపిరి. అచటివారికి ఆ పేరు నచ్చినది. ఇంగ్లీషులో వ్రాసినప్పుడు దాని మొదటి రెండు అక్షరములును ఆ వేధశాల స్థాపకుడైన పెర్సివల్ లోవెల్ పేరులోని పొడి అక్షరములే యగుట మరియొక విశేషము. 1930 మే 1వ తేదీన పేరు ప్రకటింపబడెను. తాతగారు మనుమరాలికి అయిదు పౌనులు బహుమానమిచ్చిరి.

ఇక కుక్క సంగతి. అదే సంవత్సరమున వెలువడిన ‘ది చెయిన్ గ్యాంగ్’ చిత్రములో, చెరనుండి పారిపోవు మిక్కీని వాసనపట్టి తరుము వేటకుక్కలు కనబడును. మన ప్లూటోకు అదియే తొలిరూపమందురు. కాని అందు దానికి పేరు లేదు. తరువాత అదే ఏట ‘ది పిక్నిక్’ చిత్రములో అది మిన్నీ మౌస్ పెంపుడు కుక్కగా వచ్చినది. అప్పటి పేరు రోవర్. మిక్కీ కుక్కగా, ప్లూటో యను పేరుతో అది దర్శనమిచ్చినది 1931లో, ‘ది మూస్ హంట్’ చిత్రమున. అప్పటికి గోళమునకు ఆ పేరు వచ్చి సుమారొక సంవత్సరమైనది. కావున కుక్క పేరు గోళమునకు పెట్టిరనుట పొసగదు.

అట్లయిన గోళము పేరే కుక్కకు పెట్టిరా? పెక్కుమంది అభిమానుల ఊహ యిదియే. 1930లో పత్రికలన్నిట మారుమ్రోగిన పేరును చిత్రకారులు అందిపుచ్చుకొనియుందురని వారి వాదము. పప్, అనగా కుక్కపిల్ల, అను మాటతో ప్లూటోకు ప్రాస చక్కగా కుదిరినదని మరికొందరి మాట. రెండును సంభావ్యములే. కాని డిస్నీ సంస్థలో ఆ దినములలో పనిచేసిన బెన్ షార్ప్‌స్టీన్ అనంతరకాలమున చెప్పినదేమనగా, రోవర్ మరీ సామాన్యమైన పేరని వేరొకటి వెదకిరట. ప్లూటో యనియే ఎందుకు మార్చిరో ఆయనకు జ్ఞాపకము లేదట. ఆ పనిలో నున్నవారే మరచిన సంగతిని మనము నిశ్చయముగా చెప్పజాలము. కాకి వాలినది, తాటిపండు పడినది. ముందు జరిగినదే వెనుకటిదానికి కారణమని తేల్చుటకు వరుస యొక్కటియే చాలదు. తేదీలు ఒక కథను కొట్టివేసినవి. రెండవదానిని నమ్మదగినదిగా చేసినవి. అంతవరకే వాటి సాక్ష్యము.

వెనీషియా పెరిగి పెద్దదై అర్థశాస్త్రమును, గణితమును బోధించు ఉపాధ్యాయిని యయ్యెను. గోళముయొక్క పేరే కుక్కకు వచ్చినదని తేలినదని తలచి వృద్ధాప్యమున ఆమె సంతసించెను. 2006లో ఖగోళశాస్త్రజ్ఞులు ప్లూటోను గ్రహముల పంక్తినుండి తప్పించి మరుగుజ్జు గ్రహముగా నిర్ణయించిరి. ఆ యేడే దానివైపు బయలుదేరిన న్యూ హొరైజన్స్ నౌకలో ధూళికణములను లెక్కించు పరికరమొకటి కలదు. కొలరాడో విశ్వవిద్యాలయ విద్యార్థులు నిర్మించిన ఆ పరికరమునకు ఆమె పేరు పెట్టిరి. ఆమె 2009లో కన్నుమూసెను. 2015 జూలై 14వ తేదీన ఆ నౌక ప్లూటో సమీపమునుండి సాగిపోయెను. చిన్ననాడు తాను పేరుంచిన లోకమును ఆమె చూడలేకపోయినను, ఆమె పేరు అచటికి చేరినది.

మీ ఇంటిలోని పిల్లలు ఆ కుక్క బొమ్మను చూచి నవ్వునప్పుడు ఈ కథ కూడ చెప్పుడు. ఉపాహారవేళ ఒక బాలిక పలికిన మాటను పెద్దలు చెవినబెట్టిరి. ఆ మాటయే ఆకాశమున నిలిచినది.