మంచు దారిలో ఇనుప గొలుసు

గొలుసు అనిన మాట వినగానే మనకు మెడలోని బంగారమే తలపునకు వచ్చును. దానిని కొనునప్పుడు తూకము చూతుము, పొడవు చూతుము, కొక్కెము గట్టిగా నున్నదో లేదో పదిమారులు లాగి చూతుము. ఈ నెల మేము చెప్పబోవునది ఇనుప గొలుసును గూర్చి. దీనిని ధరించునది మోటారుబండి చక్రము. కొనునప్పుడు చూపవలసిన శ్రద్ధ మాత్రము అదియే. ఆ శ్రద్ధ లోపించిన నేమగునో మేము కన్నులార చూచితిమి గనుక వ్రాయుచున్నాము.

ఆ మధ్య ఒక శీతకాలమున మేము అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున కాపురమున్న మా చెల్లెలి యింటికి పోయితిమి. సముద్రతీరమునకు సమీపమున నున్న వారి యూర మంచు పడదు. కాని తూర్పుగా కొన్ని గంటలు ప్రయాణము చేసినచో సియెర్రా నెవాడా పర్వతములును, టాహో సరస్సును వచ్చును. పిల్లలకు మంచు చూపుటకై అచటి మన తెలుగు కుటుంబములు సెలవులలో అటు పోవుట కద్దు. 80వ నంబరు రాజమార్గము డోనర్ కనుమ కడ 7,000 అడుగులకు మించిన యెత్తున ఆ కొండలను దాటును. 1846వ సంవత్సరపు శీతకాలమున బండ్లు కట్టుకొని వలస వచ్చిన జనులు ఆ ప్రాంతముననే మంచులో చిక్కుకొని పెక్కుమంది మరణించిరి. ఆ కనుమ నేటికిని వారి పేరనే పిలువబడుచున్నది.

“అక్కా, భయమేల? మాది నాలుగు చక్రములును లాగెడి బండి” అని మా చెల్లెలు ధైర్యము చెప్పెను. సాధారణముగా ఇంజను బలము రెండు చక్రములకే అందును. ఇట్టి బండ్లలో నాలుగింటికిని అందును.

మంచు పడునప్పుడు అచటి మార్గాధికారులు మూడు తరగతుల నియమములను ప్రకటింతురు. ఆర్-1 అమలులో నున్నప్పుడు నాలుగు చక్రములును లాగెడి బండికి గొలుసులు తొడుగవలసిన నిర్బంధము లేదు. ఆర్-2 నాడు అట్టి బండికి నాలుగును మంచు టైరులైనచో తొడుగకయే పోవచ్చును గాని, గొలుసులు బండిలో నుండి తీరవలెను. ఆర్-3 నాడు ఎవ్వరికిని మినహాయింపు లేదు.

ఆనాడు ఆర్-2 అమలులో నుండెను. తనిఖీ చేయువాడు టైరులను చూచి, గొలుసులున్నవా యని యడిగెను. మా చెల్లెలి భర్త వెనుకనున్న పెట్టెను చూపెను. అతడు పొమ్మనెను. గొలుసులున్న మాట నిజమే. ఆ పెట్టెను కొన్ననాటి నుండి ఎవ్వరును విప్పి చూడని మాటయు నిజమే.

కనుమ యెక్కునప్పుడు బండి నిక్కచ్చిగా నడచెను. దిగునప్పుడు ముందరి బండి యెర్రదీపము వెలిగెను. మా వారు బ్రేకు తొక్కిరి, బండి నిలువలేదు. తడిచప్టాపై సబ్బుబిళ్ళవలె జారిపోయి, ప్రక్కనున్న మంచుగట్టునకు ఒరిగి ఆగెను. వెనుక సీటులోని పిల్లలు ఏడ్చుట సైతము మరచిరి. దైవకృపచే ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. అప్పుడు పెట్టె విప్పి చూడగా, ఆ గొలుసులు వారు మునుపు అమ్మివేసిన చిన్నబండికి కొన్నవి. పసిపిల్ల గాజు పెద్దదాని చేతికి ఎక్కనట్లు, అవి ఈ చక్రమునకు చుట్టు రాలేదు. ఒక మార్గాధికారి తన బండితో ముందు నడువగా, నత్తనడకను క్రింది యూరు చేరితిమి.

ఇందలి మర్మము మనము గ్రహింపవలెను. నాలుగు చక్రములకు ఇంజను బలము అందుట బండి కదలుటకును, ఎక్కుటకును తోడ్పడును. ఆపునవి బ్రేకులు, అవి ఏ బండికైనను నాలుగు చక్రములకును ఉన్నవే. కావున ఆగుటలో ఈ బండికి ప్రత్యేకమైన లాభము లేదు. ఆగుటకును, మలుపు తిరుగుటకును కావలసినది నేలపై పట్టు. ఎద్దునకు కాళ్ళు నాలుగున్నను గట్టిబాటపై నడుచుటకు లాడములు వేయింతుము గదా! మంచుపై చక్రమునకు గొలుసు లాడము వంటిది.

ఎన్నుకొనుట యెట్లు? టైరు ప్రక్కన 225/65 ఆర్ 17 అనునట్లు అంకెలు పోతపోసి యుండును. మొదటిది వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండవది ఆ వెడల్పులో టైరు గోడ యెత్తు నూటికి ఎంతయో తెల్పును. మూడవది లోని చక్రపు వ్యాసము, అంగుళములలో. ఈ మూడును గొలుసు పెట్టెమీది పట్టికలో నుండవలెను. ఒక్క అంకె తప్పినను కొనరాదు. టైరులు మార్చినచో మరల సరిచూడవలెను.

పిమ్మట బండితో వచ్చిన సూచనల పుస్తకము చదువవలెను. కొన్ని బండ్లకు చక్రమునకును లోపలి భాగములకును నడుమ ఎడము తక్కువ. లావైన గొలుసు అచట రాచుకొని బ్రేకు గొట్టములను పాడుచేయగలదు. అట్టివానికి ‘ఎస్’ తరగతి యను సన్నరకము గాని, ఉక్కుతీగల అల్లిక గాని చెప్పుదురు. కొన్నింటికి గొలుసే కూడదందురు. నిచ్చెనమెట్లవలె అడ్డముగా నుండు గొలుసులు చవుక. వలవలె అల్లినవి మలుపులలో మేలైన పట్టునిచ్చును. ఒక్క జతయే యున్నచో ముందరి చక్రములకో వెనుకటి వానికో పుస్తకము చెప్పినట్లే తొడుగవలెను. ముందు మాత్రమే తొడిగిన దిగుడులో వెనుకభాగము జారి తిరుగవచ్చును. వెనుక మాత్రమే తొడిగిన ముందుచక్రములు మలుపు వినకపోవచ్చును. పుస్తకము అంగీకరించినచో నాలుగింటికిని తొడుగుట అన్నిటికంటె క్షేమము.

తొడుగుట యెట్లు? దారి ప్రక్కన సమతలమైన విశాలస్థలమున బండి నాపి, చేతిబ్రేకు వేయవలెను. చేతితొడుగులు, మోకాళ్ళ క్రింద పరచుకొన గోనె, దీపము దగ్గర నుంచుకొనవలెను. గొలుసును నేలపై పరచి మెలికలు తీయవలెను. మెలిక యున్న జడ బిగియనట్లే మెలిక యున్న గొలుసును బిగియదు. కొక్కెముల మొనలు టైరును గ్రుచ్చకుండ వెలుపలికి తిరిగి యుండవలెను. చక్రముపై చీరవలె కప్పి, మొదట లోపలి కొక్కెమును, తరువాత వెలుపలి కొక్కెమును తగిలించి బిగింపవలెను. ఇంతటితో పని ముగియలేదు. కొంచెము దూరము మెల్లగా నడిపి, మరల ఆపి, సడలినంత బిగింపవలెను. ఈ రెండవ బిగింపు మరచినవారి గొలుసులే త్రెగి బండిని కొట్టును.

గొలుసులున్న బండి గంటకు 30 మైళ్ళకు, అనగా సుమారు 48 కిలోమీటర్లకు మించరాదు. మంచు లేని దారి రాగానే విప్పివేయవలెను. లేనిచో గొలుసును టైరును కూడ అరుగును. ఇంటికి వచ్చిన పిదప మంచినీట కడిగి ఆరవేయవలెను. మంచు కరగుటకు దారులపై చల్లు ఉప్పు ఇనుమును తినివేయును.

మన దేశమునను ఈ విద్యకు పని కలదు. 2020వ సంవత్సరమున మనాలి కడ అటల్ సొరంగము తెరచిన పిమ్మట శీతకాలమునను జనులు లాహుల్ లోయకు పోవుచున్నారు. విహారమునకు పోవు మనవారు బాడుగబండి యెక్కుటకు ముందే గొలుసులున్నవా, ఆ చక్రమునకు సరిపోవునవేనా యని యడుగుట తప్పు గాదు.

మేము తిరిగి వచ్చుటకు ముందు మా చెల్లెలు సరియైన గొలుసులు తెప్పించి, ఎండలో ఇంటిముంగిట మూడుమారులు తానే తొడిగి విప్పెను. మొదటిమారు ముప్పాతిక గంట పట్టెను, మూడవమారు పావుగంట. పెద్దపిల్ల ప్రక్కనిలిచి కొక్కెముల మొనలు చూచెను. “అమ్మా, ఒకటి లోపలికి తిరిగినది” అని అది చెప్పగా, మా చెల్లెలు నవ్వి మరల విప్పెను. ఆ నవ్వు చూచిన పిదపనే మాకు మనసు కుదుటబడినది.