సున్నమునందలి ఉష్ణపు జమాఖర్చు

పండుగకు ముందు ఇంటికి వెల్ల వేయించునపుడు తొట్టిలోని పొడిసున్నముపై నీరు పోయగానే అది బుసబుస పొంగి, ఆవిరి గ్రక్కి, చేయి పెట్టనీయనంత వేడి యగుట మన విద్యార్థులందఱు చూచినదే. నిప్పు లేదు, కట్టె లేదు. ఆ వేడి యెక్కడిది? అది పల్నాటి పిడుగురాళ్ల బట్టీలలో దాచిన వేడి యని మేము చెప్పిన నవ్వకుడు. లెక్క చూపెదము.

సున్నపురాయి 100 గ్రాములు కాల్చినచో 56 గ్రాముల పొడిసున్నము మిగిలి, 44 గ్రాముల బొగ్గుపులుసు గాలి పైకి పోవును. ఈ విడదీతకు 178.3 కిలోజౌళ్ల యుష్ణము ఖర్చగును. బట్టీలో నిజముగా కాలు బొగ్గు ఇంతకంటె చాల ఎక్కువ. గోడలకును పొగకును పోవు దండుగ మన లెక్కలోనిది కాదు. ఆ 56 గ్రాములకు 18 గ్రాముల నీరు చేరగా 74 గ్రాముల తడిసున్నమై, 65.2 కిలోజౌళ్లు వెలికి వచ్చును. తొట్టిలో పొంగినది ఇదియే.

కథ ఇంతతో ముగియదు. గోడకెక్కిన తడిసున్నము గాలిలోని బొగ్గుపులుసు గాలిని మెల్లమెల్లగా పీల్చి, నీటిని విడిచి, మరల సున్నపురాయియే యగును. 1855లో విజయవాడకడ పాత ఆనకట్ట పూర్తియైన కాలపు మేస్త్రీలు గానుగలో నూఱిన సున్నముతో కట్టిన గోడలు ఇట్లే గట్టిపడినవి. దీనికి నెలలు, మందపు గోడలకు ఏండ్లు పట్టును. అంత నెమ్మదిగా వచ్చు వేడిని ఏ ఉష్ణమాపకము పట్టగలదు?

పట్టనక్కఱలేదు. జెనీవాలో పుట్టి సెయింట్ పీటర్స్‌బర్గున పనిచేసిన హెస్ అను రసాయనజ్ఞుడు 1840లో ఒక నియమము తెలిపెను. మొదలును తుదయు ఒకటే యైనచో, ఏ దారిని పోయినను మొత్తము ఉష్ణము ఒకటే. ఇంద్రకీలాద్రికి మెట్లదారిని ఎక్కినను, ఘాటురోడ్డున ఎక్కినను చెమట మాఱునేమో గాని కొండ యెత్తు మాఱదు. స్థిరపీడనమున ఇట్లు లెక్కించు ఉష్ణమునే ఎంథాల్పీ మార్పు అందురు.

సున్నపురాయి తిరిగి సున్నపురాయి యైనది గనుక మొత్తము సున్న కావలయును. కానిచో రాతిని మరల మరల త్రిప్పి ఊరక వేడి సంపాదింపవచ్చును. అట్టి యదృష్టము ఏ బట్టీదారునికిని పట్టలేదు. కావున 178.3లో 65.2 తీసివేయగా మిగిలిన 113.1 కిలోజౌళ్లు గోడ మెల్లగా విడిచినవి.

మఱి 178.3 ఎట్లు తెలిసినది? సుమారు 900 డిగ్రీల బట్టీలో కొలత పెట్టుట బడిపిల్లల పని కాదు. ఇచ్చటను ప్రక్కదారియే శరణ్యము. నూఱు గ్రాముల రాయి సజల హైడ్రోక్లోరికామ్లములో కరగునపుడు 15.2 కిలోజౌళ్లు మాత్రమే వచ్చును. 56 గ్రాముల పొడిసున్నము కరగునపుడు 193.5 వచ్చును. రాతిని నేరుగ కరగించినను, కాల్చి పిదప కరగించినను చివర మిగులునవి ఒకటే: కాల్షియం క్లోరైడు, నీరు, బొగ్గుపులుసు గాలి. రెండంకెల భేదమే కాల్చుటకైన ఖర్చు.

తరగతిలో ఒకటి రెండు గ్రాములతో, ఉపాధ్యాయుని యెదుట, కండ్లద్దములు ధరించి దీనిని చేయవచ్చును. పొడిసున్నము కంట బడిన చూపునకే ముప్పు. మొదటిసారి మాకు వచ్చిన అంకె మిక్కిలి తక్కువ. చాలసేపు ఆమ్లమును అనుమానించితిమి. తప్పు సున్నముదే: మూత వదులైన సీసాలో వానకాలమంతయు ఉండి, మన డెల్టా గాలిలోని తేమ త్రాగి, సగము వేడిని మాకు తెలియకుండ సీసాలోనే విడిచినది. క్రొత్తగా కాల్చిన సున్నము తెచ్చి, గాజుపాత్రకు బదులు మూతగల థర్మోకోలు గిన్నెలో చేయగా అంకె పైకి వచ్చినది. అయినను 178కి కొంచెము తక్కువయే.