చికిత్స ముగిసిన తరువాతి నొప్పి: కుష్ఠువ్యాధిలో నాడీజన్య వేదన – గుర్తింపు, ఉపశమనం

వ్యాససంగ్రహం:
కుష్ఠువ్యాధి అనగానే స్పర్శజ్ఞానం కోల్పోవడమే గుర్తుకు వస్తుంది. అయితే స్పర్శ నశించిన చోటనే తీవ్రమైన నొప్పి పుట్టవచ్చు. మందుల కోర్సు ముగిసి ఏళ్లు గడిచాక కూడా అది మొదలుకావచ్చు. ఆ నొప్పిలోని రకాలను, రోగుల మాటల ద్వారా వాటిని గుర్తించే తీరును, ఉపశమన మార్గాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: కుష్ఠువ్యాధి, నాడీజన్య వేదన, ప్రతిచర్య, స్పర్శలోపం, ఉపశమన చికిత్స.

1. ప్రవేశిక
కుష్ఠువ్యాధికి కారణమైన మైకోబాక్టీరియం లెప్రే అనే సూక్ష్మజీవిని 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ గుర్తించాడు. ఇది చర్మాన్నీ, పరిధీయ నాడులనూ ఆశ్రయిస్తుంది. రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్ కలిసిన బహుళ ఔషధ చికిత్స వ్యాధి రకాన్ని బట్టి 6 లేదా 12 నెలలు సాగుతుంది. కోర్సు పూర్తయిన రోగి నమోదు లెక్క నుండి తొలగుతాడు. 2005 డిసెంబరులో సాధించినట్లు భారతదేశం ప్రకటించిన నిర్మూలన కూడా, నమోదైన రోగులు పదివేల జనాభాకు ఒకరికన్న తక్కువ అనే అర్థంలోనిదే. లెక్క నుండి తొలగినవారి నొప్పి ఈ కొలతకు అందదు.

2. స్పర్శ లేని చోట నొప్పి
సూక్ష్మజీవి నాడిలోని ష్వాన్ కణాలలో నివసిస్తుంది. దానిపై రోగనిరోధక వ్యవస్థ జరిపే దాడిలో నాడీతంతువులు దెబ్బతింటాయి. ఫలితంగా చర్మం మొద్దుబారుతుంది. దెబ్బతిన్న తంతువులు, వెన్నుపాములోని కణాలు బయటి ప్రేరణ లేకుండానే సంకేతాలు పంపితే, మెదడు వాటిని నొప్పిగా గ్రహిస్తుంది. కాబట్టి సూది గుచ్చినా తెలియని అరికాలు రాత్రంతా మండవచ్చు. స్పర్శ లేదని పరీక్షలో తేలినంత మాత్రాన నొప్పి కల్పితం కాదు.

3. నొప్పి రకాలు
చికిత్స మారుతుంది కనుక మూడు రకాలను వేరుచేయాలి.

అ) ప్రతిచర్యలో నాడీశోథ: నాడి ఉబ్బి, తాకితే నొప్పి పుడుతుంది. స్పర్శ, కండరబలం కొత్తగా తగ్గుతాయి. ఇది అత్యవసరస్థితి. నాడీనష్టం ఆరు నెలలలోపుదైతే ప్రెడ్నిసలోన్‌తో కోలుకునే అవకాశం ఎక్కువ. ఆలస్యమైతే వైకల్యం మిగులుతుంది.

ఆ) రెండవ రకపు ప్రతిచర్య: జ్వరంతో పాటు ఎర్రని, నొప్పితో కూడిన గడ్డలు వస్తాయి. ప్రెడ్నిసలోన్, క్లోఫాజిమిన్, థాలిడోమైడ్ వాడుతారు. థాలిడోమైడ్ గర్భస్థ శిశువుకు తీవ్రహాని చేస్తుంది కనుక కఠిన నియంత్రణ తప్పనిసరి.

ఇ) నాడీజన్య వేదన: కొత్త శోథ లేకున్నా, పాత నాడీనష్టం వల్ల కొనసాగే నొప్పి. దీనికి స్టెరాయిడ్లు సరైన మందు కావు. దీర్ఘకాలం వాడితే మధుమేహం, ఎముకల బలహీనత వంటి కీడు కలుగుతుంది.

4. రోగి మాటే ఆధారం
నాడీజన్య వేదనను గుర్తించేందుకు వాడే డీఎన్4 ప్రశ్నావళిలో పది అంశాలుంటాయి. నాలుగు లేదా అంతకుమించి ఉంటే ఈ వేదనను అనుమానించాలి. అందులో ఏడు రోగి చెప్పే లక్షణాలు. వాటికి తెలుగు వాడుకలో మాటలున్నాయి: మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్లుండడం, చీమలు పాకినట్లుండడం, కరెంటు కొట్టినట్లు జివ్వుమనడం, దురద. 'నొప్పి ఉందా?' అనే ఒక్క ప్రశ్నకు ఇవి బయటపడవు. 'పెద్దరోగం' అనే పేరు మోసిన వ్యక్తి, వ్యాధి తిరగబెట్టిందంటారేమోనన్న భయంతో అసలు చెప్పకపోవచ్చు.

5. ఉపశమన మార్గాలు
తక్కువ మోతాదులో రాత్రివేళ అమిట్రిప్టిలిన్, లేదా గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ వంటివి వైద్య పర్యవేక్షణలో వాడుతారు. గుండెజబ్బు, నీటికాసులు ఉన్నవారికి మొదటిదానితో, మూత్రపిండాల లోపం ఉన్నవారికి మిగిలిన రెండింటితో జాగ్రత్త అవసరం. సాధారణ నొప్పిమాత్రలు ఈ వేదనకు అంతగా పనిచేయవు. అయినా ఏళ్ల తరబడి మింగితే మూత్రపిండాలకు, జీర్ణాశయానికి హాని. వేడినీటి కాపడం స్పర్శలేని పాదాన్ని కాల్చగలదు. మెత్తని అట్టలున్న పాదరక్షలు, నిత్యం పాదాల పరిశీలన, నిద్ర, మానసిక కుంగుబాటు పట్ల శ్రద్ధ చికిత్సలో భాగాలే.

6. ముగింపు
• చికిత్స అనంతర నొప్పి వ్యాధి తిరగబెట్టిందనడానికి నిదర్శనం కాదు. అలాగని నిర్లక్ష్యం చేయదగినదీ కాదు.
• నొప్పి చెప్పిన ప్రతిసారీ నాడుల స్పర్శను, కండరబలాన్ని పరీక్షించి, కొత్త నాడీశోథ లేదని ముందుగా నిర్ధారించాలి.
• సూక్ష్మజీవి నశించడం, బాధ తీరడం ఒకటి కావు. మందుల కోర్సు ముగిశాక కూడా నొప్పిని అడిగి నమోదు చేసినప్పుడే చికిత్స సంపూర్ణమవుతుంది.