గది వచ్చింది, మాస్టారు ఎప్పుడొస్తారు?

ఎన్నికల మధ్య ఐదేళ్లూ ప్రజాప్రతినిధిని లెక్క అడగడం ఎలా?

2024 జూన్‌లో కృష్ణగిరి ఎంపీ కె. గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేశారు. అంతకుముందు ఆయన మూడుసార్లు హోసూరు ఎమ్మెల్యే. తమిళనాడు నుంచి వెళ్లిన సభ్యుడి నోట తెలుగు మాట విని సరిహద్దు ఊళ్లలో చాలామంది మురిసిపోయారు. మురిసిపోవాల్సిన విషయమే. అయితే మన భాష చట్టసభలో వినపడటం ఒకటి, మన ఊరి బడిలో వినపడటం మరొకటి. రెండోదానికి తెలుగు చెప్పే మాస్టారు కావాలి. ఆ మాస్టారు కావాలంటే పోస్టు మంజూరై ఉండాలి, అది భర్తీ కావాలి. గెలిచింది ఏ పార్టీ వారైనా, ఏ భాష వారైనా మనం అడగాల్సిన లెక్క ఇదే.

2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవారు తమిళనాడులో 42 లక్షల పైచిలుకు, కర్ణాటకలో 35 లక్షల పైచిలుకు. సంఖ్య చిన్నదేమీ కాదు. కానీ చాలాచోట్ల మనం ఒకే నియోజకవర్గంలో కుప్పగా లేం, ఊరూరా చెదిరి ఉన్నాం. అరవై మంది పిల్లలున్న బడి కోసం ఎమ్మెల్యే గెలుపోటములు తారుమారు కావు. కాబట్టి ఓట్ల బెదిరింపు మనకు ఆయుధం కాదు. కాగితమే మన బలం. అడిగింది రాసి ఇవ్వాలి, ఇచ్చినదానికి రసీదు తీసుకోవాలి, జవాబు వచ్చేదాకా వదలకూడదు.

శిలాఫలకం సులువు, పోస్టు కష్టం

ఎన్నికలప్పుడు నాయకులు వస్తే మన వాళ్లు సాధారణంగా అడిగేది గది, ప్రహరీ, నీళ్ల ట్యాంకు, స్టేజీ. ఇవి త్వరగానే వస్తాయి. ఎందుకంటే ఎంపీకి స్థానికాభివృద్ధి పథకం కింద ఏటా 5 కోట్ల రూపాయల పనులు సిఫారసు చేసే వీలుంది. ఎమ్మెల్యేలకూ రాష్ట్రాన్ని బట్టి ఇలాంటి నిధి ఉంటుంది. కట్టడం పూర్తయితే పేరుతో ఫలకం పెట్టుకోవచ్చు.

ఈ నిధితో జీతాలు ఇవ్వకూడదు. అందుకే ‘ఎంపీ నిధి నుంచి తెలుగు మాస్టారిని ఇప్పించండి’ అని అడిగితే ‘కుదరదమ్మా’ అనే జవాబుతో కథ ముగుస్తుంది. పోస్టు విద్యాశాఖ చేతిలో ఉంది. అక్కడ ఎమ్మెల్యే చేయగలిగింది డబ్బివ్వడం కాదు. ఫైలు ఎక్కడ ఆగిందో కనుక్కోవడం, మంత్రికి రాయడం, సభలో ప్రశ్న వేయడం. ప్రజాప్రతినిధి అసలు పని ఇదే. మనం ఎక్కువగా అడగనిదీ ఇదే.

గది కట్టించి మాస్టారిని తేకపోతే ఏమవుతుందో ఈ పేజీ పాఠకులకు తెలుసు. ఒక తెలుగు ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేస్తారు. ఆ ఖాళీ నిండదు. తల్లిదండ్రులు పిల్లల్ని పక్క మాధ్యమంలోకి మారుస్తారు. సంఖ్య తగ్గింది కాబట్టి పోస్టు అక్కర్లేదంటారు. ముందు మాస్టారు పోయి తర్వాత పిల్లలు పోయినా, రికార్డులో మాత్రం పిల్లలు లేక పోస్టు పోయినట్టు కనిపిస్తుంది.

ఒక ఊరి అనుభవం

మా ప్రాంతంలో ఒక ప్రాథమికోన్నత పాఠశాల. రెండు ఎన్నికల్లో ఆ ఊరివాళ్లు నోటిమాటగా తెలుగు మాస్టారిని అడిగారు. రెండుసార్లూ ‘తప్పకుండా చూద్దాం’ అన్నారు. మధ్యలో ఒక గది, ఒక గేటు వచ్చాయి. మాస్టారు రాలేదు. అడిగితే ‘ప్రభుత్వం ఇవ్వడం లేదు’ అనే మాటే.

చివరికి ఒక విద్యార్థి తల్లి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు పెట్టింది. ఈ బడికి మంజూరైన తెలుగు పోస్టులెన్ని, ఎప్పటి నుంచి ఖాళీ, భర్తీ కోసం పంపిన ప్రతిపాదన నకలు ఇవ్వండి అని మూడే ప్రశ్నలు. జవాబులో తేలిందేమిటంటే, పోస్టు రద్దు కాలేదు. ప్రతిపాదన మాత్రం కింది కార్యాలయం నుంచి పైకి కదలనే లేదు. ప్రభుత్వం ఇవ్వకపోవడం కాదు, ప్రభుత్వాన్ని ఎవరూ అడగనే లేదు.

ఆ కాగితం పట్టుకుని తల్లులు ఎమ్మెల్యే ఆఫీసుకు వెళ్లారు. ఈసారి ‘దయచేసి ఇప్పించండి’ అనలేదు. ‘ఈ ప్రతిపాదన పైకి పంపమని మీరు ఎప్పుడు రాస్తారు? రాసిన ఉత్తరం నకలు మాకు ఇస్తారా?’ అని అడిగారు. ఉత్తరం వెళ్లింది. ఇప్పుడు వారానికి మూడు రోజులు డిప్యుటేషన్ మీద ఒకరు వస్తున్నారు. శాశ్వత పోస్టు ఇంకా నిండలేదు, వాళ్లూ అడగడం మానలేదు. సగం గెలుపే. కానీ ఏళ్ల తరబడి రానిది కొన్ని నెలల్లో వచ్చింది.

మన చేతిలో ఉన్న అంకెలు

రాజ్యాంగంలోని 350ఎ అధికరణం ప్రకారం, భాషా అల్పసంఖ్యాక పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటుకు రాష్ట్రాలు, స్థానిక సంస్థలు కృషి చేయాలి. 1956లో రాష్ట్రాల పునర్విభజన వేళ చేరిన మాట ఇది. దాని వెనక ఒక లెక్క కూడా ఉంది. 1949 ఆగస్టులో విద్యామంత్రుల సమావేశం చేసిన తీర్మానం ప్రకారం, ఒక తరగతిలో 10 మంది లేదా బడి మొత్తంలో 40 మంది ఆ భాష పిల్లలుంటే కనీసం ఒక ఉపాధ్యాయుణ్ణి నియమించాలి. 1956లో కేంద్రం ప్రకటించిన భాషా అల్పసంఖ్యాకుల రక్షణల్లోనూ దీనికి చోటు దక్కింది. ‘మీ పిల్లలు తక్కువ’ అని ఎవరైనా అంటే, తక్కువంటే ఎంతమంది అని అడగడానికి మనకు ఈ అంకెలున్నాయి.

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు, 61 నుంచి 90 దాకా ముగ్గురు ఉపాధ్యాయులు ఉండాలి. తమిళనాడులో ఏటా ఆగస్టు 1 నాటి పిల్లల సంఖ్యను బట్టి పోస్టుల లెక్క తేలుస్తారు. అందుకే జూన్, జూలైలలో జరిగే చేరికలు కీలకం. ఆగస్టు దాటాక ఎంత మొరపెట్టుకున్నా ‘వచ్చే ఏడు చూద్దాం’ అంటారు.

ఎవరిని అడగాలి?

రాష్ట్రాన్ని బట్టి తలుపు మారుతుంది. తమిళనాడు పల్లెల్లో గ్రామసభ ఏటా ఆరుసార్లు జరుగుతుంది: జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1. అక్కడ తీర్మానం పెట్టించి మినిట్స్ పుస్తకంలో రాయించాలి. కర్ణాటకలో బడికి ఎస్‌డీఎంసీ ఉంది. ఒడిశాలో సోమవారం కలెక్టరు, ఎస్పీ కలిసి ఫిర్యాదులు వినే రోజు ఉంది. తమిళనాడు కలెక్టరేట్లలోనూ సోమవారమే ప్రజల ఫిర్యాదుల దినం.

కొన్నిచోట్ల తలుపే ఉండదు. పుదుచ్చేరిలో స్థానిక సంస్థలకు చివరగా ఎన్నికలు జరిగింది 2006లో. ఆ పాలకవర్గాల గడువు 2011తో తీరాక, యానాంలో వార్డు మెంబరు చేయాల్సిన పని కూడా ఒక్క ఎమ్మెల్యే మీదే పడింది. ముంబయి మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు సహా ఎనిమిది మాధ్యమాల్లో బడులు నడుపుతుంది. అక్కడ కార్పొరేటర్ల పదవీకాలం 2022 మార్చిలో ముగిశాక ఏళ్ల తరబడి అధికారులే పాలించారు. స్థానిక ఎన్నికలు ఆలస్యమైతే మొదట అడిగే దిక్కు లేకుండా పోయేది ఇలాంటి చిన్న బడులకే. అందుకే సకాలంలో ఎన్నికలు జరపమని అడగడం కూడా మన బడి పనే.

ఏ భాషలో రాయాలి?

తమిళనాడులో ‘మను’, కర్ణాటకలో ‘మనవి’, మహారాష్ట్రలో ‘నివేదన్’. మాట ఏదైనా మన వాళ్లను ఆపేది భాషే. తెలుగులో చదివిన అమ్మ రాష్ట్ర భాషలో అర్జీ రాయలేక ఊరుకుంటుంది. రాజ్యాంగంలోని 350వ అధికరణం చాలామందికి తెలియదు. కష్టం చెప్పుకునే అర్జీని కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇచ్చే హక్కు అది ప్రతి ఒక్కరికీ ఇచ్చింది. కాబట్టి తెలుగులో రాసిన అర్జీని భాష పేరు చెప్పి తిప్పి పంపలేరు. సమాచార హక్కు దరఖాస్తు సంగతి వేరు. అది ఇంగ్లిష్, హిందీ లేదా ఆ ప్రాంత అధికార భాషలో ఉండాలి. పని తొందరగా జరగాలంటే అర్జీని పైన రాష్ట్ర భాషలో, కింద తెలుగులో రాయడం మేలు. చదివే అధికారికీ, సంతకం పెట్టే తల్లికీ అర్థం కావాలి.

‘చూద్దాం’ దగ్గర ఆగకుండా

సమాచార హక్కు దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, లేదా సరిగా లేకపోతే, తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆపైన 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. కర్ణాటక, మహారాష్ట్రల్లో దరఖాస్తు ఒకే విషయం మీద, 150 పదాల లోపు ఉండాలి. ‘మాస్టారిని ఎందుకు వేయలేదు?’ అని అడిగితే జవాబు రాదు. ఈ చట్టం ఇప్పించేది కాగితాన్ని, కారణాన్ని కాదు. అందుకే ప్రశ్నలు ఇలా ఉండాలి:

– మా బడికి మంజూరైన తెలుగు పోస్టులు ఎన్ని? భర్తీ అయినవి ఎన్ని?
– ఖాళీ ఏ తేదీ నుంచి ఉంది?
– భర్తీకి పంపిన ప్రతిపాదన, దానికి వచ్చిన జవాబు నకళ్లు ఇవ్వండి.
– గత మూడేళ్ల తెలుగు మాధ్యమ పిల్లల సంఖ్య, తరగతుల వారీగా ఇవ్వండి.
– ఈ ఏడాది తెలుగు పాఠ్యపుస్తకాలు ఎన్ని అడిగారు, ఎన్ని వచ్చాయి, ఏ తేదీన?

ఈ జవాబులతో ఎమ్మెల్యే దగ్గరికి వెళ్తే మాట మారుతుంది. శాసనసభలో ఈ ప్రశ్న వేయమని కోరవచ్చు. మంత్రి సభలో ‘చర్య తీసుకుంటాం’ అంటే అది ఊరికే పోదు. లోక్‌సభలో అలాంటి హామీల అమలును చూసేందుకు ప్రత్యేక కమిటీ ఉంది, మూడు నెలల్లో అమలు చేయాలన్నది అక్కడి నియమం. శాసనసభల్లోనూ హామీల కమిటీలున్నాయి. వేదిక మీద ఇచ్చిన మాట గాలికి పోతుంది, సభలో ఇచ్చిన మాట రికార్డులో ఉంటుంది. మన ప్రతినిధి చేత మంత్రిని సభలో మాట్లాడించడం అందుకే ముఖ్యం.

నలుగురిలో చదవాలి

కాగితం చేతికొచ్చాక బీరువాలో దాచకూడదు. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్ కిరానా ఊళ్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ కూలీల హాజరు పట్టీలను ఊరి ముందు గట్టిగా చదివించింది. పని చేయనివాళ్ల పేర్లు, రాని కూలి అందరి ఎదుటా బయటపడ్డాయి. ‘మా డబ్బు, మా లెక్క’ అన్న ఆ పోరాటమే 1996లో బియావర్‌లో 40 రోజుల ధర్నాగా పెరిగి, 2005లో సమాచార హక్కు చట్టానికి దారి తీసింది. 2006 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల మీద జరిగిన సామాజిక తనిఖీలదీ ఇదే పద్ధతి: లెక్కను ఊళ్లో చదవడం.

బడికీ ఇది పనికొస్తుంది. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. దానితో పిల్లలు, ఉపాధ్యాయులు, గదుల వివరాలు ఎవరైనా ఇంటర్నెట్‌లో చూడవచ్చు. ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలని చట్టం చెప్పింది. స్థానిక ప్రజాప్రతినిధి కూడా అందులో ఉంటారు. ఆ సమావేశంలో వివరాలు చదివి, ‘తెలుగు పోస్టు ఖాళీ’ అన్న ఒక్క వాక్యం బడి అభివృద్ధి ప్రణాళికలో రాయించాలి. అందులో లేని విషయాన్ని అధికారులు లెక్కలోకి తీసుకోరు.

ప్రభుత్వ ఉపాధ్యాయులకు ప్రవర్తనా నియమావళి ఉంది, మేం రాజకీయ పనుల్లో దిగకూడదు. కానీ తల్లిదండ్రులకు వాళ్ల హక్కు ఏమిటో చెప్పడం, బడి వివరాలు సరిగ్గా నింపడం మా విధే. సంతకం తల్లిదండ్రులది కావాలి. అందులో పొరుగు భాషవారి సంతకాలూ ఉంటే మరీ మంచిది. తమిళనాడులో 2006 చట్టం తమిళాన్ని తప్పనిసరి చేశాక పదో తరగతి పరీక్ష మినహాయింపు కోసం మన వాళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మరో ఏడాది మినహాయింపు పొడిగించింది. కోర్టు గడువు ఇస్తుంది గానీ మాస్టారిని పంపదు. మన పిల్లలు రాష్ట్ర భాష నేర్చుకోవాలి, దాంతోపాటు అమ్మ భాషా నేర్చుకోవాలి. ఈ మాట సూటిగా చెబితే పొరుగువారు కాదనరు. వాళ్ల బడిలోనూ ఖాళీలు ఉంటాయి, ఒకే అర్జీలో రెండూ రాయవచ్చు.

వచ్చే కమిటీ సమావేశానికి ముందు ఒక్క పని చేయండి. మీ బడిలో మంజూరైన తెలుగు పోస్టులెన్నో, నిండినవెన్నో ఒక కాగితం మీద రాయండి. రెండు అంకెల మధ్య తేడా ఉంటే, దాని కింద మీ వార్డు మెంబరు, ఎమ్మెల్యే, ఎంపీ పేర్లు రాయండి. ఎవరిని ఏ తేదీన అడిగారో, ఏం జవాబు వచ్చిందో ఎదురుగా రాస్తూ పొండి. మళ్లీ ఓటు అడగడానికి వచ్చినప్పుడు వాళ్ల చేతికి ఇవ్వాల్సింది ఆ కాగితమే.