81, 7.3, 27: పిల్లల ఒత్తిడి అంకెల్ని ఎలా చదవాలి?

నరసరావుపేటలో ఒక పదో తరగతి సెక్షన్లో 40 మంది పిల్లలున్నారనుకోండి. ఒక జాతీయ సర్వే శాతాన్ని ఈ క్లాసుకు అంటిస్తే, 32 మందిని బెంగ పెడుతున్నవి చదువు, పరీక్షలు, ఫలితాలే. ఇంకో జాతీయ సర్వే శాతాన్ని అంటిస్తే, వైద్యం అవసరమయ్యే మానసిక సమస్య ముగ్గురికే ఉంది. రెండూ ప్రభుత్వ సంస్థలు చెప్పిన లెక్కలే. ఏదీ తప్పు కాదు, రెండూ కొలిచింది వేర్వేరు విషయాల్ని.

మొదటిది ఎన్‌సీఈఆర్‌టీది. 2022 జనవరి నుంచి మార్చి దాకా 6 నుంచి 12వ తరగతి వరకు చదివే 3,79,842 మందిని అడిగింది. తమ ఆందోళనకు చదువు, పరీక్షలు, ఫలితాలు కారణమని 81 శాతం మంది చెప్పారు. రెండోది నిమ్‌హాన్స్ 2015–16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే. 13–17 ఏళ్లవాళ్లలో 7.3 శాతం మందికి గుర్తించదగ్గ రుగ్మత ఉందని తేల్చింది. మెట్రో నగరాల్లో అది 13.5, పల్లెల్లో 6.9. ఆ సర్వే తిరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. నరసరావుపేట ఉన్న పల్నాడు జిల్లా అప్పటికి పుట్టనే లేదు, అది గుంటూరు నుంచి విడివడింది 2022 ఏప్రిల్ 4న. కాబట్టి ‘పల్నాడు పిల్లల్లో 7 శాతం’ అని ఎవరైనా మైకులో చెబితే నమ్మకండి. నేను పైన వేసిన 32, 3 కూడా అర్థం కావడానికి వేసిన లెక్కలే.

బెంగకూ జబ్బుకూ మధ్య ఇంకో కొలత ఉంది. దాని పేరు పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్. అమెరికా మనస్తత్వవేత్త షెల్డన్ కోహెన్ బృందం 1983లో 14 ప్రశ్నలతో తయారుచేసింది, 1988లో 10 ప్రశ్నలకు కుదించింది. మీ ఇంట్లో ఏం జరిగింది, నాన్నకు అప్పుందా అని ఇది అడగదు. గత నెల రోజుల్లో పనులు మీ చేయి దాటిపోతున్నట్టు ఎన్నిసార్లు అనిపించింది, కష్టాలు గుట్టలా పేరుకుపోతున్నట్టు అనిపించిందా అనే తరహాలో అడుగుతుంది. ‘ఎప్పుడూ లేదు’కు 0, ‘చాలా తరచుగా’కు 4. మొత్తం 40. ఇది పెద్దల కోసం పుట్టిన కొలబద్ద. పదో తరగతికి, ఇంటర్‌కు సరిపోతుందేమో గానీ నాలుగో తరగతి పిల్లవాడి చేతిలో పెట్టేది కాదు. చిన్నవాళ్లకు రాబర్ట్ గుడ్‌మన్ 1997లో ఇచ్చిన 25 వాక్యాల ప్రశ్నావళి ఉంది, దాన్ని తల్లిదండ్రులో టీచరో నింపుతారు.

పది ప్రశ్నల్లో నాలుగు (4, 5, 7, 8) మంచివైపు అడుగుతాయి: సమస్యల్ని చక్కబెట్టుకోగలననే ధైర్యం కలిగిందా, అని. వాటి మార్కుల్ని తిరగేయాలి. 0ని 4గా, 1ని 3గా. గురజాల వైపు ఒక అమ్మాయి, మనం ఊహించుకున్న అమ్మాయే, మిగతా ఆరు ప్రశ్నలకు 3, 2, 3, 3, 2, 3 పెట్టింది. కూడితే 16. ఈ నాలుగింటికి 1, 1, 2, 1 పెట్టింది. తిరగేస్తే 3, 3, 2, 3, అంటే 11. మొత్తం 27. తిరగేయడం మరిచిపోతే 21. చాలా నివేదికలు 13 వరకు తక్కువ, 14–26 మధ్యస్థం, 27 నుంచి ఎక్కువ అని గీతలు గీస్తాయి. గుమాస్తా పొరపాటు ఒక్కటి చాలు, సాయం అందాల్సిన పిల్ల ‘పర్వాలేదు’ జాబితాలోకి జారిపోతుంది.

ఇంకో తమాషా చూడండి. ప్రశ్న చదవకుండా అన్నిటికీ 0 కొట్టేసిన కుర్రాడికి తిరగేసే నాలుగింటి వల్ల 16 వస్తుంది. అన్నీ 1 అయితే 18, అన్నీ 2 అయితే 20, అన్నీ 3 అయితే 22, అన్నీ 4 అయితే 24. ఏది గిలికినా ‘మధ్యస్థ ఒత్తిడి’లోనే పడతాడు! అందుకే ‘ఎక్కువమందిలో మధ్యస్థ ఒత్తిడి’ అని తేల్చే నివేదిక కనబడితే, అందులో ఎన్ని కాగితాలు నిజంగా చదివి నింపినవో నాకు అనుమానమే. పైగా ఆ గీతలు కోహెన్ గీసినవి కావు. ఇది రోగ నిర్ధారణ పరీక్ష కాదని, గీతలు లేవని ఆయన వైపు నుంచి చెబుతూనే ఉన్నారు.

అడిగిన నెల కూడా చూడాలి. పల్నాడులో మిరప కోతలు, పబ్లిక్ పరీక్షలు దాదాపు ఒకే రోజుల్లో వస్తాయి. అమ్మానాన్నలు కల్లంలో కాయ ఆరబోస్తూ యార్డులో ధర గురించి మాట్లాడుకుంటుంటే, పక్కన పిల్ల సోషల్ బిట్లు వల్లె వేస్తుంటుంది. మార్చిలో అడిగితే ఒక స్కోరు, జులైలో అడిగితే ఇంకోటి. 2024 మే 13 పోలింగ్ తర్వాత గొడవలతో జిల్లాలో 144 సెక్షన్ పెట్టారు. ఆ జూన్ మొదట్లో మాచర్ల పిల్లల్ని ‘గత నెల’ గురించి అడిగి ఉంటే, జవాబుల్లో పరీక్షలు ఎంత, వీధి ఎంత?

క్లాస్ టీచరే కాగితాలు పంచి, రోల్ నంబరు రాయించి, తనే ఏరుకుంటే పిల్లలు టీచరుకు నచ్చే జవాబే రాస్తారు. దీనికి సర్వే అక్కర్లేదు, ఏ హాస్టల్ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు.

ఒత్తిడి ఎంతో తెలిస్తే సగమే తెలిసినట్టు. పిల్లలు దాన్ని ఎలా తట్టుకుంటున్నారన్నది మిగతా సగం. ఒత్తిడి సంఘటనలో కన్నా మనం దాన్ని అంచనా వేసుకునే తీరులో ఉందని మనస్తత్వవేత్తలు లాజరస్, ఫోక్‌మన్ 1984లోనే వివరించారు. 1988లో వచ్చిన కిడ్‌కోప్ అనే చిన్న ప్రశ్నావళి పది దారుల గురించి అడుగుతుంది: ధ్యాస మళ్లించుకోవడం, ఎవరితోనూ కలవకపోవడం, తనను తాను తిట్టుకోవడం, సమస్యను పరిష్కరించడం, ఎవరికైనా చెప్పుకోవడం, ఇలా. ఆ దారి పట్టావా అనే కాదు, పడితే పనిచేసిందా అని కూడా అడుగుతుంది. నాకు అందులో నచ్చింది ఈ రెండో ప్రశ్నే. పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్‌లో 24 స్కోరు వచ్చిన ఇద్దరిలో ఒకరు అక్కతో చెప్పుకుని తేలికపడుతుంటే, ఇంకొకరు దుప్పటి కప్పుకుని తనను తిట్టుకుంటుంటే, ఆ 24 ఇద్దరికీ ఒకటి కాదు.

కొలిచాక ఎవరి దగ్గరకు పంపాలి? విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకుమించి విద్యార్థులున్న సంస్థ అర్హత గల కౌన్సెలర్‌ను కనీసం ఒకరినైనా పెట్టుకోవాలి. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడదీయకూడదు. ‘స్టార్ బ్యాచ్’ బోర్డు చూసి మురిసిపోయే తల్లిదండ్రులు ఈ రెండో మాట గట్టిగా చదవాలి.

పిల్లల్ని చేర్పించేటప్పుడు ర్యాంకుల ఫ్లెక్సీ కింద నిలబడి ‘మీ కౌన్సెలర్ ఎవరండీ, ఏ రోజుల్లో ఉంటారు?’ అని అడగండి. బతకాలని లేదని పిల్లలు నోరు తెరిచి అంటే మాత్రం ఏ స్కోరూ వెయ్యకండి, ఒంటరిగా వదలకండి. టెలి మానస్ 14416కు వెంటనే ఫోన్ చెయ్యండి. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.